సగం డిస్కులో అడుగుజాడలు

తైపేలో కంప్యూటర్ సామాన్ల బజారు వెనక సందులో, నూడిల్స్ అంగడి పైన మేడగదిలో తూ మింగ్‌హ్వే ఆఫీసు ఉంది. ఆవిడ దగ్గరికి రెండు రకాల మనుషులు వస్తారు. మొగుడి మీద అనుమానంతో వచ్చేవాళ్లు, ఫైళ్లు పోగొట్టుకుని వచ్చేవాళ్లు. రెండు రకాల కేసుల్లోనూ తప్పు చేసినవాడు చెప్పే మాట ఒకటే: "నేనేం ముట్టుకోలేదు." ఇరవై ఏళ్లుగా ఆ మాట విని విని మింగ్‌హ్వేకి మనుషుల మీద గౌరవం అడుగంటింది. ఉన్న కాస్తా కింద అంగడిలో నూడిల్స్ చేసే ముసలాయన మీద మిగిలింది.

ఆవిడ సహాయకుడు యెన్ బోహాన్ ఒకప్పుడు బడిలో లెక్కలు చెప్పేవాడు. ఆ బడిలో ప్రశ్నపత్రాల దొంగని మింగ్‌హ్వే ఒక్క పూటలో పట్టుకున్న తీరు చూసి, ఉద్యోగం వదిలేసి ఆవిడ వెంట వచ్చేశాడు. అతని భార్య ఇప్పటికీ ఆ పూటని తిట్టుకుంటూ ఉంటుంది. అతనికి మాత్రం మింగ్‌హ్వే టీ చల్లార్చుకోవడంలో కూడా ఏదో తెలివి కనిపిస్తుంది.

ఆ వేళ వానలో తడిసి వచ్చిన అమ్మాయి గొడుగు మూయడం కూడా మరిచిపోయి గదిలోకి అడుగుపెట్టింది. అరచేతిలో పట్టేంత హార్డ్ డిస్కుని ప్లాస్టిక్ సంచిలో చుట్టి, జబ్బుపడ్డ పిల్లిపిల్లని పట్టుకున్నట్టు గుండెకి ఆనించుకుంది.

"గొడుగు మూసి కూర్చోమ్మా. ఏడుపు తరవాత ఏడుద్దువు గాని, ముందు పేరు చెప్పు," అంది మింగ్‌హ్వే.

"లూ పెయ్‌జెన్ అక్కా. సినిమాలు ఎడిటింగ్ చేస్తాను. ఛ్యూ అమ్మమ్మ పాటల్ని నేను చెరిపేశానంటున్నారు. నేను చెరపలేదు."

"ముట్టుకోలేదా?"

"రోజూ ముట్టుకున్నాను. నా పనే అది. కానీ చెరపలేదు."

మింగ్‌హ్వే కళ్లెత్తి ఆ పిల్లని మొదటిసారి సరిగ్గా చూసింది. ముట్టుకున్నానని ఒప్పుకున్నవాళ్లు ఈ గదిలోకి రావడం అరుదు. బోహాన్‌ని టీ తెమ్మంది.

పెయ్‌జెన్ చెప్పిన సంగతి ఇది. ఛ్యూ అమ్మమ్మ గుళ్ల ముందు వేదికల మీద అరవై ఏళ్లపాటు పాడిన నాటకాల గాయని. గొంతులో పుండు పుట్టింది. ఆపరేషన్ చేస్తే ప్రాణం దక్కుతుంది, గొంతు పోతుంది అన్నారు డాక్టర్లు. ఆపరేషన్‌కి ముందు ఆవిడ ఆఖరిసారి వేషం కట్టి, తన పాటలన్నీ కెమెరా ముందు పాడింది. ఇప్పుడు ప్రాణంతో ఉంది. మాట లేదు. ఆ పాటలు ఈ ఒక్క డిస్కులోనే ఉన్నాయి.

"కెమెరా కార్డులు?" అడిగింది మింగ్‌హ్వే.

"అద్దెవి. చెరిపేసి తిరిగిచ్చేశాం."

"ఇంకో కాపీ?"

"దర్శకుడు షెన్ గారు తీస్తానన్నారు. తీరిక దొరకలేదన్నారు."

"కళాకారులకి తీరిక ఎక్కడ దొరుకుతుంది, పాపం! ఈ డిస్కు సంగతి చెప్పు."

"దీన్ని నేనే రెండు భాగాలు చేశానక్కా. స్టూడియోలో అందరివీ మ్యాక్‌లు. మా ఇంట్లో మాత్రం పాత విండోస్ కంప్యూటర్. పెద్ద భాగాన్ని మ్యాక్ పద్ధతిలో పెట్టి షూటింగ్ అంతా అందులో వేశాను. చిన్న భాగం రెండింటికీ పనికొచ్చే పద్ధతిలో పెట్టాను. పాటల మాటలు, అర్థాలు ఇంటి దగ్గర టైపు చేసి అందులో దాచుకునేదాన్ని. మా ఇంటి కంప్యూటర్‌కి పెద్ద భాగం అర్థం కాదు. డిస్కు పెట్టిన ప్రతిసారీ, ఇది వాడాలంటే ఫార్మాట్ చెయ్యాలి, ఉన్నదంతా చెరిగిపోతుంది, చెయ్యనా అని అడుగుతుంది. వద్దని కొడతాను. రోజూ అదే తంతు. ఆఫీసులో ఈ మాట చెప్పి నవ్వుకునేవాళ్లం కూడా."

"ఎవరెవరు నవ్వారు?"

"ముగ్గురం. నేను, నిర్మాత ఫాంగ్ యాలింగ్ అక్క, షెన్ గారు."

"తరవాత?"

"మొన్న సాయంత్రం ఇంటికెళ్లి డిస్కు పెడితే అది అడగలేదు. పెద్ద భాగం దానంతటదే తెరుచుకుంది. లోపల ఖాళీ. విండోస్ పద్ధతిలోకి మారిపోయి ఉంది." పెయ్‌జెన్ డిస్కు సంచిని ఇంకా దగ్గరికి లాక్కుంది. "విండోస్ ఉన్నది నా ఒక్కదాని దగ్గరే కదా అక్కా. ఏమరుపాటున సరే అని నొక్కావు, ఇప్పుడు బొంకుతున్నావు అంటున్నారు షెన్ గారు. ఎల్లుండి ఫాంగ్ అక్క అమ్మమ్మని పిలిపించి, నా తప్పు ఆవిడ ముందు ఒప్పుకోమంటోంది. ఉద్యోగం పోతే పోనీ. అమ్మమ్మ నన్ను నమ్మి పాడింది. నా పాటలు నువ్వు చెరిపేశావా అని ఆవిడ నోటితో అడగలేదు కూడా. ఉత్తినే చూస్తుంది. ఆ చూపుకి నేనేం చెప్పను?"

మింగ్‌హ్వే డిస్కు అందుకుని బోహాన్ చేతికిచ్చింది. "ఇది ఇక నా దగ్గరుంటుంది. దీన్ని ఇంకెక్కడా పెట్టకు. పెట్టిన ప్రతి కంప్యూటరూ దీని మీద ఏదో ఒకటి గీకి పోతుంది."

మర్నాడు ఉదయం ఇద్దరూ స్టూడియోకి వెళ్లారు. అది ఒకప్పుడు సారా కాచిన కార్ఖానా. ఇప్పుడు అక్కడ కళ కాస్తున్నారు. పాత ఇటుక గోడలు, వాటి మధ్య ఒక్కో కప్పుకి కూలివాడి భోజనమంత పుచ్చుకునే కాఫీ దుకాణాలు, ప్రతి గోడకీ ఆనుకుని ఫొటో తీయించుకుంటున్న జనం. మింగ్‌హ్వే ముక్కు మీద చేయి పెట్టుకుంది. సారా వాసనే నయమంది.

నిర్మాత ఫాంగ్ యాలింగ్ యాభై ఏళ్ల మనిషి. రాత్రుళ్లు నిద్రలేని కళ్లు. "పెయ్‌జెన్ మంచి పిల్లే అక్కా," అంది. "అందుకే ఇంకా కోపం. పొరపాటైంది అని ఒక్కమాట అంటే పోయేది. రోజూ ఆ డబ్బా చెయ్యనా చెయ్యనా అని అడుగుతుంటే, ఏదో ఒకరోజు ఎవరైనా చెయ్యి అంటారు."

"డిస్కు ఖాళీ అయిన రోజు మధ్యాహ్నం మీరెక్కడున్నారు?"

"సినిమాకి డబ్బిచ్చిన సాంస్కృతిక నిధి వాళ్ల దగ్గర. సినిమా ఎప్పుడవుతుందని పీకల మీద కూర్చున్నారు. పెయ్‌జెన్ ఆస్పత్రికి అమ్మమ్మని చూడ్డానికి వెళ్లింది. డిస్కు ఇక్కడే బల్ల మీద ఉంది. నేను సాయంత్రం వచ్చేసరికి పెయ్‌జెన్ వచ్చి దాన్ని ఇంటికి తీసుకెళ్లిపోయింది."

"మరి ఇక్కడెవరున్నారు?"

"షెన్ ఒక్కడే."

షెన్ కైవెన్ పక్క గదిలో ఉన్నాడు. నార చొక్కా, చేతికి చెక్కపూసల దండ, ఎదురుగా చిన్న మట్టి టీ పాత్ర. గోడ నిండా అతని ఫొటోలే. సినిమాల్లో ఎవరెవరు నటించారో ఆ గోడ చూసి చెప్పలేం గాని, షెన్ కైవెన్ ఏయే దేశాల్లో నిలబడ్డాడో మాత్రం తెలుస్తుంది. పైన పటారం లోన లొటారం అన్న సామెతకి ఎవరైనా బొమ్మ వేయాలంటే ఈ గదికి వస్తే చాలు. వీళ్లు వెళ్లేసరికి అతను ఫోనులో మాట్లాడుతున్నాడు.

"చేప వద్దండీ, ముళ్లుంటాయి. జర్నలిస్టులు ముళ్లు ఏరుకుంటూ కూర్చుంటే సినిమా ఏం చూస్తారు? పంది ముక్క వేయించి పెట్టండి. ఆ, మొదటి ప్రదర్శనకే. తేదీ అదే, మార్పు లేదు." ఫోను పెట్టి, నుదుటి మీద చెయ్యి వేసుకుని, ముఖంలోకి దుఃఖం తెచ్చుకున్నాడు. "క్షమించండి మేడమ్. నా లోపల ఏదో చచ్చిపోయింది. ఛ్యూ గురువుగారి పాదాల దగ్గర పదేళ్లు పాట నేర్చుకున్నవాణ్ణి. ఆ పాటలు పోయాయంటే..."

"అన్నం గొంతు దిగడం లేదు, పాపం," అంది మింగ్‌హ్వే.

"ఏం దిగుతుంది చెప్పండి?"

బోహాన్ దగ్గు వచ్చినట్టు నోటికి చెయ్యి అడ్డం పెట్టుకున్నాడు.

"ఆ రోజు మధ్యాహ్నం ఆ డిస్కు మీ దగ్గరే ఉందట?"

"నా దగ్గర కాదు, బల్ల మీద. నేను ధ్యానంలో ఉన్నాను. అయినా మీరు ఈ విషయం కొంచెం తెలుసుకుని వస్తే బాగుండేది మేడమ్." ఇక్కడ అతని దుఃఖం కొంచెం తెరిపినిచ్చింది. "ఆ భాగం ఇప్పుడు విండోస్ పద్ధతిలో ఉంది. నేను ఇరవై ఏళ్లుగా విండోస్ కంప్యూటర్‌ని వేలితో తాకలేదు. అది గుమాస్తాల సామాను. నాది మ్యాక్. మ్యాక్ ఆ విండోస్ భాగాన్ని చదవగలదు, అంతే. అందులో ఒక్క అక్షరం రాయలేదు. ఒక్క చుక్క పెట్టలేదు. అలాంటిది ఫార్మాట్ ఎలా చేస్తుంది? చిన్నపిల్లలకి కూడా తెలిసిన సంగతి ఇది."

"అలాగా! నాకు తెలీదు సుమండీ. రాసుకో బోహాన్. మ్యాక్ విండోస్ భాగంలో ఒక్క చుక్క కూడా పెట్టలేదు."

"రాసుకున్నానక్కా."

"ఇంకేం లేదు షెన్ గారూ. నా ఫైలులో పెట్టుకోడానికి ఒక ఫొటో ఇస్తే వెళ్తాం." మింగ్‌హ్వే సంచిలోంచి చవకరకం పెన్‌డ్రైవ్ తీసి బల్ల మీద పెట్టింది. "ఇందులో వేసివ్వండి. పెద్దవాళ్లని ఫోనులో ఫొటో తీస్తే మర్యాదగా ఉండదు."

షెన్ ముఖం వెలిగింది. పెన్‌డ్రైవ్‌ని తన కంప్యూటర్‌కి తగిలించి, ఫొటోలు వెతకడంలో మునిగిపోయాడు. కొండ మీద నిలబడ్డది ఒకటి, సముద్రం వైపు చూస్తున్నది ఒకటి, కళ్లు మూసుకున్నది ఒకటి, మూడూ వేసిచ్చాడు. మూడోదాంట్లో తన ఆత్మ కనిపిస్తుందన్నాడు. బయటికొచ్చాక అదే పెన్‌డ్రైవ్ ఫాంగ్‌కి ఇచ్చి, ఆవిడనీ ఒక ఫొటో వెయ్యమంది మింగ్‌హ్వే.

ఫాంగ్ రెండుసార్లు ప్రయత్నించి విసుక్కుంది. "ఇది నా మ్యాక్‌లో ఎక్కట్లేదక్కా. లోపలున్న షెన్ మొహాలు మూడూ చూపిస్తోంది గానీ, నా ఫొటో వెయ్యనివ్వట్లేదు. ఫోనుకి పంపనా?"

"పంపమ్మా. కళ్లు మూసుకుని ఉన్నది మాత్రం వద్దు."

దారిలో బోహాన్ ఉండబట్టలేక అడిగాడు. "అక్కా, మనకి ఫొటోలెందుకు? ఇంతకు ముందు ఏ కేసుకీ తీసుకోలేదే!"

"నీకు వాటి అవసరం లేదు. కావాలంటే ఇంట్లో దిష్టికి కట్టుకో."

ఆఫీసుకి వచ్చాక అసలు పని మొదలైంది. డిస్కు మీద కొత్తగా ఏమీ గీకకుండా అడ్డుపడే చిన్న పెట్టె ఒకటి మధ్యలో పెట్టి, దాన్ని తమ విండోస్ కంప్యూటర్‌కి తగిలించారు. బోహాన్ కంప్యూటర్ నెత్తిన ఆకుపచ్చ చిరుతిండి పొట్లం ఒకటి పెట్టాడు. తైపేలో యంత్రాలు బుద్ధిగా పనిచెయ్యాలంటే ఆకుపచ్చ పొట్లం ఉండాల్సిందే. పసుపుది పెడితే మొరాయిస్తాయి, ఎర్రది పెడితే కాలిపోతాయి. బ్యాంకుల్లో, ఆస్పత్రుల్లో పెద్ద పెద్ద ఇంజనీర్లే పెడతారు.

"లెక్కల మేష్టరువి, సిగ్గు లేదూ?" అంది మింగ్‌హ్వే. అని, పొట్లం తిప్పి గడువు తేదీ చూసి, ఇంకా దాటలేదని రూఢి చేసుకుని మళ్లీ అక్కడే పెట్టింది.

ఖాళీ అన్న పెద్ద భాగం తెరిచి, దాచిన ఫైళ్లు కూడా చూపించమని అడిగేసరికి, తెర మీద నాలుగైదు పేర్లు వచ్చాయి. వాటిలో చాలా పేర్లకి ముందు చుక్క ఉంది. మింగ్‌హ్వే వాటి పక్కన ఉన్న తేదీలు చూసింది. కుర్చీలో వెనక్కి వాలింది.

"బోహాన్, కొత్తగా కట్టిన ఇల్లుంది. లోపల నేలంతా తడి సిమెంటు. అందులో రెండు జతల అడుగులున్నాయి. ఇల్లు కట్టినవాడెవడో ఎలా చెప్తావు?"

"ముందు పడ్డ అడుగులు ఎవరివో చూస్తానక్కా."

"చూడు మరి. చూశాక, పటం చింపేసిన ఊళ్లో ఇళ్లు ఇంకా నిలబడే ఉన్నాయేమో, అది కూడా వెతుకు. వాడు తొందరలో పైపైనే తుడిచాడని నా నమ్మకం."

బోహాన్ తేదీలు చూశాడు. అతని నోరు తెరుచుకుంది. ఆ నోరు మూసుకోకుండానే పోయిన ఫైళ్లని వెతికే పనిలో పడ్డాడు.

ఫాంగ్ చెప్పిన రోజు రానే వచ్చింది. స్టూడియో హాల్లో పెద్ద తెర ముందు కుర్చీలు వేశారు. ఛ్యూ అమ్మమ్మ ముందు వరసలో కూర్చుంది. సన్నగా, నిటారుగా, మెడకి తెల్లటి గుడ్డ చుట్టుకుని ఉంది. పెయ్‌జెన్ ఆవిడ దగ్గరికి వెళ్లే ధైర్యం లేక గోడకి ఆనుకుని నిలబడింది. షెన్ మాత్రం అమ్మమ్మ కాళ్ల దగ్గర నేల మీద కూర్చున్నాడు, శిష్యుడు కదా. అమ్మమ్మ కాళ్లు కొంచెం వెనక్కి లాక్కుంది.

మింగ్‌హ్వే లేచి, ఎప్పుడూ లేనంత దిగులుగా ముఖం పెట్టింది. "అమ్మమ్మగారూ, డిస్కు చూశాం. దాని సంగతి ఎంత చెప్పుకున్నా ఏం లాభం? పెద్ద భాగం తెరిస్తే ఖాళీగా ఉంది."

పెయ్‌జెన్ రెండు చేతుల్లో ముఖం దాచుకుంది. ఫాంగ్ కళ్లు తుడుచుకుంది. సరిగ్గా అప్పుడు షెన్ కైవెన్ లేచాడు. చాలాసేపటినుంచి లేవడానికి సిద్ధంగా ఉన్నవాడిలా లేచాడు.

"దిగులు పడకండి గురువుగారూ! మీ శిష్యుడుండగా మీ పాట చావదు. షూటింగ్ అయిన రాత్రే నేను ఒక కాపీ తీసుకున్నాను. ఎందుకో మనసు కీడు శంకించింది. కళాకారుడి మనసు అలాంటిది. ఆ కాపీ బాగుందో లేదో రూఢి చేసుకుని చెబుదామని ఇన్నాళ్లూ ఆగాను."

"కాపీ ఉందా!" ఫాంగ్ లేచి అతని చేతులు పట్టుకుంది. "ఉండి ఇన్నాళ్లూ చెప్పలేదేం షెన్? మేం ఏడ్చి చచ్చాం కదా!"

"ఆగమ్మా, ఆయన్ని నలపకు," అంది మింగ్‌హ్వే. "చొక్కా నలుగుతుంది. అందుకేనా షెన్ గారూ, సినిమా పోయిందని ఏడుస్తూనే ప్రదర్శనకి పంది ముక్కలు పురమాయించారు? తేదీ మార్పు లేదన్నారు. సినిమా పోయినవాడు హాలు వద్దంటాడు. మీరు చేపలో ముళ్ల గురించి బెంగపడ్డారు. అప్పుడే అనుకున్నాను, సినిమా ఈయన జేబులోనే ఉందని."

"దాచడం నేరమా? రక్షించాను!"

"దాచింది ఒక నేరం. అసలుది చెరిపింది రెండోది."

"నేనా?" షెన్ నవ్వాడు. "మేడమ్‌కి నిన్న చెప్పింది అర్థం కాలేదు. మ్యాక్ ఆ భాగంలో..."

"ఒక్క చుక్క కూడా పెట్టలేదు. రాసుకున్నాం." మింగ్‌హ్వే బోహాన్ వైపు చెయ్యి చూపింది. అతను కంప్యూటర్‌ని పెద్ద తెరకి కలిపాడు. ఖాళీ అన్న భాగంలోని పేర్లు తెర మీద పడ్డాయి. "అవి చుక్కలు కావూ? పేర్ల ముందు చూడండి. మ్యాక్ ఎక్కడికి వెళ్లినా ఇలా చుక్క పేర్లతో చిన్న చిన్న ఫైళ్లు వదిలి వస్తుంది. అవి దాని అడుగులు. విండోస్‌కీ అడుగులుంటాయి, వేరే రకం. ఈ కొత్త భాగంలో విండోస్ అడుగులు పడింది ఆ సాయంత్రం, పెయ్‌జెన్ ఇంటికెళ్లి డిస్కు పెట్టినప్పుడు. మ్యాక్ అడుగులు పడింది అంతకు ముందు, ఆ మధ్యాహ్నం. ఈ భాగం పెయ్‌జెన్ కంప్యూటర్‌లో తయారై ఉంటే ముందు విండోస్ అడుగులే ఉండాలి. ఇల్లు కట్టకముందే అందులో మీరెలా నడిచారండీ?"

"ఫాంగ్ కూడా మ్యాక్ వాడుతుంది!"

"ఆవిడ ఆ మధ్యాహ్నం నిధి వాళ్లకి సంజాయిషీ చెప్పుకుంటోంది. పైగా మీరన్నది నిజమే, మామూలు మ్యాక్ విండోస్ భాగంలో రాయలేదు. అందుకు విడిగా ఒక ప్రోగ్రామ్ కొని పెట్టుకోవాలి. నేనిచ్చిన పెన్‌డ్రైవ్ విండోస్ పద్ధతిలో ఉన్నదే. ఫాంగ్ మ్యాక్ దానిలో ఫొటో వెయ్యలేకపోయింది. మీ మ్యాక్ మూడు వేసింది. మూడోదాంట్లో మీ ఆత్మ కూడా ఉంది."

బోహాన్ ముఖంలో దీపావళి. దిష్టికి కట్టుకోమన్న ఫొటోలు ఎందుకో అతనికి అప్పుడు అర్థమైంది.

"ఆ చుక్క ఫైళ్లు... నాకు... నా కంప్యూటర్‌లో అవేం లేవు. ఖాళీగానే ఉంది. నేను చూశాను," అన్నాడు షెన్.

"ఖాళీగా ఉందని ఎప్పుడు చూశారు? మీరు ధ్యానంలో ఉన్నారుగా!"

షెన్ చేతి పూసల దండ గబగబా తిప్పసాగాడు.

"చుక్కతో మొదలయ్యే పేర్లని మ్యాక్ తన యజమానికి చూపించదు. ఇల్లు శుభ్రంగా కనపడాలి కదా. ఒక్కసారి, ఒకే ఒక్కసారి మీరు గుమాస్తాల సామాను దగ్గర కూర్చుని ఆ డిస్కు తెరిచి ఉంటే, మీ అడుగులు మీకే కనిపించేవి. తుడుచుకునేవారు. కానీ మీ దర్జా మిమ్మల్ని కూర్చోనివ్వలేదు. పిల్లి కళ్లు మూసుకుని పాలు తాగినట్టు తాగారు." మింగ్‌హ్వే గొంతులో ఇప్పుడు ఎగతాళి కూడా లేదు, ఉత్త ఏవగింపు ఉంది. "పెయ్‌జెన్ తన ఇంటి కంప్యూటర్ గురించి చెప్పుకుని నవ్వుతుంటే మీరూ నవ్వారు. నవ్వుతూనే, ఆ పిల్ల మీద నేరం ఎలా పెట్టాలో నేర్చుకున్నారు. కావాలనే విండోస్ పద్ధతిలోకి మార్చారు."

"కానీ ఎందుకక్కా?" అంది ఫాంగ్. "కాపీ ఉంచుకుని అసలుది చెరపడం దేనికి? అతని సినిమాయే కదా!"

"ఆయన కాపీ ముందు చూద్దాం. షెన్ గారూ, పెట్టండి."

షెన్ కదల్లేదు. ఫాంగే వెళ్లి అతని కంప్యూటర్ తెచ్చి పెట్టింది. తెర మీద గుడి ముందు వేదిక. రాణి వేషంలో ఛ్యూ అమ్మమ్మ. నేరుగా పాట మొదలైంది.

"ఆపు. ఇప్పుడు మనది పెట్టు బోహాన్."

"మనదా?" పెయ్‌జెన్ గోడ దగ్గరనుంచి ఒక అడుగు ముందుకేసింది. "ఖాళీ అన్నారుగా అక్కా!"

"తెరిస్తే ఖాళీ అన్నాను. పోయిందని నేననలేదు. వీడు ఊరి పటం, అంటే ఏ ఫైలు ఎక్కడుందో చెప్పే జాబితా, చింపాడు గాని, ఇళ్లు కూల్చలేదు. బోహాన్ ఒక్కొక్క ఇల్లే వెతికి పట్టుకున్నాడు. అన్నీ ఉన్నాయి."

పెయ్‌జెన్ దగ్గరున్న కుర్చీ లాక్కుని తెర వైపు తిరిగి కూర్చుంది.

అదే వేదిక, అదే వేషం. కానీ పాట ఇంకా మొదలుకాలేదు. తెర మీది అమ్మమ్మ కెమెరా పక్కన ఎవరినో చూస్తూ కనుబొమలెత్తింది. ఆ హాలు నిండా ఆవిడ గొంతు, మొరటుగా, గట్టిగా మోగింది.

"ఏమే పెయ్‌జెన్, ఆ పొడుగువాడెవడే? దర్శకుడా? నా శిష్యుణ్ణని పేపర్లో రాసుకున్నది వీడేనా? ఓరి నీ మొహం మండా! నా శిష్యులు పెట్టెలు మోశారు, వానలో తెరలు కట్టారు, నా చేత తన్నులు తిన్నారు. నువ్వేం తిన్నావురా? నాకు తెలిసి మూడుసార్లు వచ్చావు, మూడుసార్లూ భోజనం వేళకే వచ్చావు. పదేళ్లు నేర్చుకున్నావుగా, ఏదీ, ఒక్క ముక్క పాడు. పాడరా! కెమెరా చూస్తోంది."

తర్వాత కెమెరా పక్కనుంచి షెన్ గొంతు వినిపించింది. గొంతు సవరించుకోవడం వినిపించింది. పాట వినిపించలేదు. కెమెరా వెనకున్నవాళ్లు నవ్వారు.

"ఇదీ సంగతి," అంది మింగ్‌హ్వే. "ఈవిడ శిష్యుణ్ణని చెప్పుకుని నిధి వాళ్ల దగ్గర సినిమా తెచ్చుకున్నాడు. ఈ ముక్క తీసెయ్యమని పెయ్‌జెన్‌ని అడిగి ఉంటాడు."

"రెండుసార్లు అడిగారు," అంది పెయ్‌జెన్. "సినిమాలో ఉంచినా ఉంచకపోయినా, అసలుదాంట్లో అమ్మమ్మ మాట ఒక్కటీ చెరపనన్నాను. తర్వాత ఆయన ఏమీ అనలేదు. మరిచిపోయారనుకున్నాను."

"మరిచిపోలేదు. నువ్వు చెరపనన్నావని నీ చేత్తోనే చెరిపించినట్టు చేశాడు. తిట్టు లేని కాపీ తనది, అపవాదు నీది, రక్షించిన కీర్తి మళ్లీ తనది. ఒక ముసలావిడ ఇన్నాళ్లూ తన పాట చచ్చిపోయిందనుకుని ఏడుస్తుంటే, వీడు పంది ముక్కా చేపా అని ఆలోచించాడు. దొంగల్ని చాలామందిని చూశాను. ఆకలికి దొంగిలించినవాణ్ణి చూశాను, ఆశకి దొంగిలించినవాణ్ణి చూశాను. వాళ్లతో కలిసి టీ తాగగలను. నీతో తాగలేను."

ఫాంగ్ తలుపు తెరిచి పట్టుకుంది. "బయటికి పో షెన్. నిధి వాళ్లకి నేను చెప్పుకుంటాను. జరిగింది జరిగినట్టే చెప్తాను."

షెన్ తలుపు దాకా వెళ్లి ఆగాడు. అలాంటివాళ్లు ఆగకుండా వెళ్లరు. "సినిమాలో... నా పేరైనా ఉంచుతారా?"

"పేరేం ఖర్మ, గొంతే ఉంటుంది," అంది మింగ్‌హ్వే. "సవరించుకున్నదాకా."

అప్పుడు చూశారు అందరూ ఛ్యూ అమ్మమ్మని. ఆవిడ భుజాలు ఎగిరెగిరి పడుతున్నాయి. పెయ్‌జెన్ హడలిపోయి పరుగెత్తింది. దగ్గరికెళ్లాక తెలిసింది, ఆవిడ నవ్వుతోంది. చప్పుడు లేదు. కళ్లలోంచి నీళ్లు కారుతున్నాయి. తెర వైపు వేలు చూపించి, మళ్లీ పెట్టమని సైగ చేసింది. బోహాన్ ఆ తిట్లు మళ్లీ పెట్టాడు. ఆవిడ మళ్లీ నవ్వింది.

ఈసారి అతను ఆపలేదు. తిట్లు అయిపోయాయి, వేదిక వెనక తాళం మోగింది, పాట మొదలైంది. అమ్మమ్మ నవ్వు ఆగింది. పెయ్‌జెన్ చెయ్యి పట్టుకుని తన మెడకి చుట్టిన తెల్లగుడ్డ మీద పెట్టుకుంది. హాలంతా ఆవిడ గొంతు నిండిపోతోంది. పెయ్‌జెన్ వేళ్ల కింద మాత్రం ఏ అదురూ లేదు, ఊపిరి ఒక్కటే వచ్చి పోతోంది. పెదవులు ఒక్క మాట తప్పకుండా పాటతోపాటు కదిలాయి.